నలభై తలుపు గడియలు: ఒక పాత కోబాల్ ప్రోగ్రాము డైరీ

జూన్ 7, శనివారం

తెనాలి ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె ఈ రోజు దింపాను. నాన్న దుకాణం చిట్టా పుస్తకాల అడుగున ఆకుపచ్చ చారల కాగితాల కట్ట ఒకటి దొరికింది. రెండు అంచుల్లోనూ రంధ్రాలున్న ఆ పొడవాటి కాగితం మీద 1998లో నేను రాసిన తొలి కోబాల్ (వ్యాపార లెక్కల కోసం పుట్టిన పాత ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాము ఉంది. అప్పట్లో హైదరాబాదు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ల కోర్సు చదువుతున్నాను. అభ్యాసానికి కల్పిత లెక్కలు వద్దు, ఎవరిదైనా నిజమైన లెక్క తెచ్చుకోమని మా గురువు గారు చెప్పారు. నాన్న ఇనుప సామాన్ల దుకాణం నిల్వ పట్టీ పట్టుకెళ్ళాను. మేకులు, మరలు, బందులు, గొళ్ళేలు, తలుపు గడియలు, అన్నీ కలిపి 240 రకాలు. కట్టలో ముందు ప్రోగ్రాము, తరువాత డేటా పట్టీ, చివర నివేదిక ఉన్నాయి. నివేదిక ఆఖరి వరుసలో మొత్తం నిల్వ 48,216 అని ముద్రించి ఉంది.

ఈ ప్రోగ్రామును మళ్ళీ నడపాలి, అదే మొత్తం రావాలి. ఈ డైరీ అందుకోసమే.

మెయిన్‌ఫ్రేమ్ ఇంట్లో ఎక్కడిదని మా అమ్మాయి అడిగింది. ఐబీఎం కంపెనీ తన మెయిన్‌ఫ్రేమ్‌లను నడిపే ఎంవీఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 3.8జె కూర్పు దాకా కాపీరైట్ లేకుండానే పంచింది. దాన్ని నడపడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. రోజర్ బౌలర్ 1999లో విడుదల చేసిన హెర్క్యులిస్ అనే ప్రోగ్రాము, ఐబీఎం సిస్టమ్/370 మెయిన్‌ఫ్రేమ్ ఎలా ప్రవర్తిస్తుందో అచ్చం అలాగే మామూలు కంప్యూటర్ మీద ప్రవర్తిస్తుంది. నేను దాన్ని అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టాను. ఎంవీఎస్‌కు నేనిచ్చిన మెమరీ 16 మెగాబైట్లు. ఆ కాలపు చిరునామాలు 24 బిట్లవి కాబట్టి అంతకు మించి ఇచ్చినా అందుకోలేదు. ఒకప్పుడు గదిలో బీరువాలా నిలబడి 317 మెగాబైట్లు దాచుకున్న 3350 డిస్కు ఇక్కడ ఒక ఫైలు మాత్రమే.

సాయంత్రం ఐపీఎల్ చేశాను, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టాను. పనులను వరుసలో పెట్టి నడిపించే జెస్2 లేచింది, 3270 అనే మెయిన్‌ఫ్రేమ్ తెర మీద లాగాన్ అడిగింది. ఆ పచ్చటి అక్షరాలు చూసి చాలాసేపు ఏమీ టైపు చేయకుండా కూర్చున్నాను.

రాత్రి కాగితాలన్నీ ఫోటో తీసి, బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్‌తో టెక్స్టుగా మార్చాను. ప్రోగ్రామును వరుసవరుసా సరిచూశాను. డేటా పట్టీలో ఉన్నవి అంకెలే కాబట్టి 240 వరుసలు వచ్చాయో లేదో మాత్రం లెక్కపెట్టి పడుకున్నాను.

జూన్ 8, ఆదివారం

కోబాల్‌ను యంత్ర ఆదేశాలుగా మార్చే కంపైలర్ ముందు ప్రోగ్రాము నిలబడలేదు. ఇందుకు కారణం చెప్పుకోవాలి. మేము నేర్చుకున్నది 1985 ప్రమాణం కోబాల్. ఈ సిస్టమ్‌తో వచ్చే కంపైలర్ 1968 ప్రమాణం నాటిది. ఇఫ్ అనే షరతు ముగిసిందని చెప్పే ఎండ్-ఇఫ్ దానికి తెలియదు, అనేక దారుల్లో ఒకటి ఎంచే ఎవాల్యుయేట్ తెలియదు, ఇన్‌స్పెక్ట్ బదులు ఎగ్జామిన్ రాయాలి. పెర్ఫార్మ్ చేయదలచిన పనిని అక్కడికక్కడే రాసుకునే వీలు లేదు, వేరే పేరాగ్రాఫుగా విడదీయాలి. ఇఫ్ ఎక్కడ ముగుస్తుందో చెప్పేది చివరి చుక్క ఒక్కటే.

రోజంతా ఈ వెనకటి అనువాదమే. మొత్తాలు దాచుకునే నాలుగు గడులను మొదట్లో ఇనీషియలైజ్ అనే ఒక్క మాటతో సున్నా చేసి ఉంచాను. ఈ కంపైలర్‌కు ఆ మాట కూడా తెలియదు. ఆ నాలుగింటికీ పైన ఉన్న గుంపు పేరు పట్టుకుని ‘మూవ్ జీరోస్ టు డబ్ల్యూఎస్-టోటల్స్’ అని రాశాను. రాత్రి పదికి తప్పులు లేకుండా కంపైల్ అయింది.

జూన్ 14, శనివారం

ఉదయం మొదటి రన్. కంపైల్ అయిన ప్రోగ్రామును నడిపే గో స్టెప్ మొదలైన మరుక్షణం, అది అర్ధాంతరంగా ఆగిపోయిందని కన్సోల్ మీద ఐఈఎఫ్450ఐ సందేశం వచ్చింది: అబెండ్ ఎస్0సి7. మా తరం ‘సాక్ సెవెన్’ అనేది దీన్నే. 0సి తరువాతి అంకె యంత్రం స్వయంగా చెప్పే కారణం. 1 అయితే తనకు తెలియని ఆదేశం ఎదురైంది. 4 అయితే ప్రోగ్రాము తనది కాని మెమరీని తాకింది. 7 అయితే దశాంశ లెక్క చేయమన్నారు కానీ ఇచ్చినది సంఖ్య కాదు.

ఇప్పటి పిల్లలకు తప్పు జరిగిన వరుస సంఖ్యను తెరే చూపిస్తుంది. ఇక్కడ దాన్ని మనం పట్టుకోవాలి. ఎలా పట్టుకుంటారో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ విద్య తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు.

ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్ళతో నడవాలో సిస్టమ్‌కు చెప్పే జేసీఎల్‌లో సిస్‌యుడంప్ కార్డు ఉంది కాబట్టి నా ప్రోగ్రాము మెమరీ పదహారు మూలపు అంకెల్లో (9 తరువాత ఎ నుంచి ఎఫ్ దాకా) ముద్రితమైంది. ఆ ముద్రణే డంప్. దాని మొదటి పేజీలో పీఎస్‌డబ్ల్యూ, అంటే ఆగిన క్షణంలో యంత్రం స్థితి ఉంటుంది. అందులోని చిరునామా 093942, ఆదేశం పొడవు 6, కారణం 0007. ఇలాంటి తప్పు జరిగినప్పుడు యంత్రం తరువాత చేయాల్సిన ఆదేశం చిరునామానే చూపుతుంది, కాబట్టి తప్పు చేసిన ఆదేశం అంతకు 6 బైట్లు వెనక ఉంటుంది. నా ప్రోగ్రాము మెమరీలో మొదలైన చోటు 093000. 942లోంచి 6 తీస్తే 936 కాదు, పదహారు మూలంలో 93సి. ఈ తీసివేతలు ఒకప్పుడు వేళ్ళ మీద చేసేవాణ్ణి. ఈ రోజు కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను.

పీమ్యాప్ అడిగితే కంపైలర్ ప్రతి కోబాల్ వాక్యానికీ తాను పుట్టించిన యంత్ర ఆదేశాలను ముద్రిస్తుంది. ఆ జాబితాలో 93సి దగ్గర ఉన్నది ఎఫ్‌ఎ43. ఎఫ్‌ఎ అంటే యాడ్ ప్యాక్డ్, కూడమని. 4, 3 అనేవి రెండు సంఖ్యల పొడవులు, ఒక్కొక్కటి తగ్గించి రాసినవి. అంటే 5 బైట్ల సంఖ్యకు 4 బైట్ల సంఖ్యను కలపాలి. మొదటిది 6వ రిజిస్టరు (యంత్రం చేతికింద ఉండే చిన్న నిల్వ గడి) చూపే చోటుకు 018 అవతల ఉంది. డంప్‌లో 6వ రిజిస్టరు 093090. రెండూ కలిపితే 0930ఎ8. పేజీలు తిప్పి ఆ చిరునామా దగ్గర వేలు పెట్టాను.

అక్కడ ఎఫ్0 ఎఫ్0 ఎఫ్0 ఎఫ్0 ఎఫ్0 అని ఉంది.

సున్నాలే పెట్టాను. ఉన్నవీ సున్నాలే. కానీ అవి అక్షరాల సున్నాలు. ఎబ్సిడిక్ లిపిలో 0 నుంచి 9 వరకు అంకెలను ఎఫ్0 నుంచి ఎఫ్9 దాకా రాస్తారు, బైటుకు ఒక అంకె. అంకెలను కుదించి దాచే కాంప్-3 గడిలో బైటుకు రెండు అంకెలు కూర్చుంటాయి, చివరి అర బైటులో గుర్తు ఉంటుంది: కూడికకు సి, తీసివేతకు డి, గుర్తు లేనిదానికి ఎఫ్. ఎఫ్0ల వరుసను ఆ కళ్ళతో చూస్తే అంకె ఉండాల్సిన చోట ఎఫ్ ఉంది, గుర్తు ఉండాల్సిన చోట 0 ఉంది. కూడలేనని యంత్రం ఆగింది. కోబాల్ దృష్టిలో గుంపు ఏదైనా ఉత్త అక్షరాల వరుసే. లోపల కాంప్-3 గడులున్నాయని మూవ్ పట్టించుకోదు. ఇనీషియలైజ్ పట్టించుకునేది, ఒక్కో గడినీ దాని జాతిని బట్టి సున్నా చేసేది. ఆ ఒక్క మాట నాకు చేసిపెడుతున్న పని ఎంతటిదో ఇన్నేళ్ళకు తెలిసింది.

నాలుగు గడులకూ విడివిడిగా మూవ్ జీరో రాశాను. దిద్దుబాటు రెండు నిమిషాలు, దాని దగ్గరికి వెళ్ళడం మూడు గంటలు.

మధ్యాహ్నం గురువు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకు డెబ్బై దాటింది, విశాఖలో ఉంటారు. ఐఐటీ మద్రాసులో 1973లో పెట్టిన ఐబీఎం 370/155 మీద విద్యార్థిగా కార్డులు గుద్ది నేర్చుకున్న మనిషి. “కార్డుల కట్ట లోపలికి ఇస్తే ఫలితం చేతికి రావడానికి మర్నాడు అయ్యేది నాయనా. ఒక్క తప్పుకు ఒక రోజు పోతుంది. అందుకని కట్ట ఇచ్చే ముందే ప్రోగ్రామును యంత్రంలా చదివేవాళ్ళం. నువ్వు ఆ గుంపును అలా చదివి ఉంటే మూడు గంటలు మిగిలేవి” అన్నారు. నిజమే.

జూన్ 17, మంగళవారం

పనిరోజు కాబట్టి జేసీఎల్ సర్దడం ఒక్కటే చేశాను. నివేదిక ముద్రించే స్టెప్‌ను విడిగా పెట్టి, ముందు స్టెప్ సరిగా ముగిస్తేనే నడిచేలా కాండ్=(4,ఎల్‌టీ) రాశాను. న్యూజెర్సీలో ముప్పై ఏళ్ళుగా బ్యాచ్ పనులు చూస్తున్న మా బావకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. ఈ కాండ్ గురించి మా ఇద్దరి వాదన పాతికేళ్ళ నాటిది. షరతు నిజమైతే స్టెప్ నడవదు, అబద్ధమైతేనే నడుస్తుంది. ముందు స్టెప్ ముగుస్తూ ఇచ్చే అంకె అయిన రిటర్న్ కోడ్ కంటే 4 చిన్నదైతే, అంటే కోడ్ 4 దాటితే, ఈ స్టెప్‌ను వదిలేయమని దీని అర్థం. తలకిందులుగా రాయించి ఎంతమంది చేత తప్పులు చేయించారోనని బావ మండిపడతాడు. తరువాతి కాలంలో జేసీఎల్‌కు ఇఫ్, దెన్ వచ్చాక తాను మళ్ళీ కాండ్ రాయలేదట. ఈ సిస్టమ్‌లో ఆ సౌకర్యం లేదు. నాకైతే కాండ్ అలవాటైపోయింది. అయినా ఈ వాదనలో బావదే న్యాయం.

మాట ఐఈఎఫ్‌బీఆర్14 అనే ఐబీఎం ప్రోగ్రాము మీదికి మళ్ళింది. ఏ పనీ చేయకుండా తిరిగి రావడమే దాని పని. ఫైళ్ళు సృష్టించడానికీ తొలగించడానికీ జేసీఎల్‌లో అదొక సాకు. మొదట్లో అందులో ఉన్నది ఒకే ఆదేశం, 14వ రిజిస్టరు చూపిన చోటికి వెళ్ళిపొమ్మని. అందులోనూ తప్పు దొరికింది. రిటర్న్ కోడ్ ఉండేది 15వ రిజిస్టరులో. దాన్ని సున్నా చేయకుండా వెళ్ళిపోవడం వల్ల అంతకుముందు అక్కడ ఏముంటే అదే రిటర్న్ కోడ్‌గా బయటికి వచ్చేది. 15లోంచి 15 తీసేయమనే ఆదేశం ముందు చేర్చారు. ప్రోగ్రాము 2 బైట్ల నుంచి 4 బైట్లయింది. కొత్తగా చేరిన వాళ్ళకు నేను మొదట చెప్పే కథ ఇదే. ఖాళీగా వదిలిన చోట సున్నా ఉంటుందని అనుకోకూడదని ఇంతకంటే చిన్న ప్రోగ్రాముతో చూపించలేను.

జూన్ 22, ఆదివారం

కండిషన్ కోడ్ 0000. రిటర్న్ కోడునే సిస్టమ్ అలా చూపిస్తుంది, సున్నా అంటే సాఫీగా ముగిసిందని. నివేదిక వచ్చింది. 240 వరుసలకు బదులు 14 వరుసలున్నాయి.

అబెండ్ లేదు, సందేశం లేదు. చూస్తే ప్రతి విభాగంలోనూ మొదటి సరుకు మాత్రమే అచ్చయింది. మేకుల్లో ఒకటి, మరల్లో ఒకటి, బందుల్లో ఒకటి. అంటే వరుస ముద్రించే పేరాగ్రాఫు విభాగం మారినప్పుడు మాత్రమే నడుస్తోంది. విభాగం మారితే శీర్షిక ముద్రించమనే ఇఫ్ వాక్యం చివర చుక్క పెట్టాను. లిస్టింగులో ఆ చుక్క కనిపిస్తూనే ఉంది. గంటన్నర దాన్ని చూస్తూనే ఉన్నాను.

స్కేలు పెట్టి కొలిచాను. చుక్క 73వ గడిలో ఉంది.

కోబాల్ కార్డులో 80 గడులు. మొదటి ఆరు వరుస సంఖ్యకు, ఏడోది గుర్తుకు, 8 నుంచి 72 దాకా ప్రోగ్రాముకు. 73 నుంచి 80 వరకు గుర్తింపు కోసం వదిలిన చోటు. చేతిలోంచి కార్డుల కట్ట జారిపడితే మళ్ళీ వరుసలో పేర్చుకోవడానికి అక్కడ అంకెలు గుద్దేవారు. లిస్టింగులో కార్డు మొత్తం అచ్చవుతుంది. కానీ 72 దాటినదాన్ని కంపైలర్ చదవదు. చుక్క లేకపోయేసరికి కింది వాక్యాన్ని కూడా ఇఫ్ తనలోకి తీసుకుంది. ఎండ్-ఇఫ్ ఉన్న కోబాల్‌లో ఈ తప్పు ఇంత నిశ్శబ్దంగా జరగడం కష్టం. పాత భాషలో సొగసు ఉందని వాదించే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళతో ఏకీభవించను. ఒక వాక్యం అర్థం మొత్తం ఒక చుక్క మీద, ఆ చుక్క ఏ గడిలో పడిందనే దాని మీద ఆధారపడకూడదు.

పేరు రెండు అక్షరాలు కుదించాను. చుక్క 71లోకి వచ్చింది.

జూన్ 29, ఆదివారం

చుక్క దిద్ది నడిపితే మళ్ళీ ఎస్0సి7. ఈసారి డంప్ చదవడం అరగంటలో అయింది, చేయి తిరిగింది. కూడాల్సిన సంఖ్య 00 35 04 అని ఉంది. చివరి 4 గుర్తు ఉండే చోటు. 4 అనే గుర్తు లేదు. అసలు రికార్డులో ఎఫ్0 ఎఫ్0 ఎఫ్3 ఎఫ్5 40. ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ. చివరి అంకె కాగితం మీద వెలిసిపోవడంతో సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేక వదిలేసింది.

ఇక్కడ యంత్రం పని తీరు ఒకటి గమనించాలి. అక్షరాల అంకెలను కాంప్-3 రూపంలోకి ప్యాక్ చేసేటప్పుడు ప్రతి బైటులోనూ కుడి సగాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఎడమ సగాన్ని పారేస్తుంది. చివరి బైటుకు మాత్రం ఎడమ సగం గుర్తుగా మారుతుంది. అందుకే ఖాళీ ముందువైపు ఉంటే ఏ గొడవా లేకుండా సున్నాగా చెల్లిపోతుంది. చివర ఉంటేనే ఆగుతుంది. ఈ వాక్యాలు రాసేటప్పుడే ఇందులో ఉన్న ప్రమాదం తట్టి ఉండాల్సింది. అప్పుడు తట్టలేదు.

సాయంత్రం ముగ్గురం ఫోన్‌లో కలిశాం. వాదన రెండు గంటలు సాగింది.

బావ వెంటనే పరిష్కారం చెప్పాడు. “ఇఫ్ నాట్ న్యూమరిక్, మూవ్ జీరో. ఒక్క వరుస రాస్తే చాలు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే నేను చేసేది అదే. ఆరింటికి ఆన్‌లైన్ తెరవాలి. ఒక్క చెడ్డ రికార్డు కోసం లక్షల ఖాతాలు ఆపమంటావా?”

గురువు గారు గొంతు పెంచరు. “ఖాళీ వేరు, సున్నా వేరు నాయనా. దుకాణంలో ఆ సరుకు లేదని చెప్పడం సున్నా. ఎంత ఉందో నాకు తెలియదని చెప్పడం ఖాళీ. తెలియదని ఒప్పుకున్న యంత్రం నోరు మూసి లేదని చెప్పించడానికి మనకేం హక్కు ఉంది?”

బావ మాటలో అనుభవం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ 1999లో నేను చూసిన సంగతి ఇద్దరికీ చెప్పాను. విదేశీ కంపెనీ ఒకదాని ప్రీమియం ఫైళ్ళను 2000 సంవత్సరం కోసం మారుస్తున్నాం. రికార్డులో సంవత్సరానికి ఉన్న రెండు గడులను నాలుగు చేశాం, ఆ తరువాతి గడులన్నీ రెండేసి బైట్లు జరిగాయి. ఆ ఫైలు చదివే ప్రోగ్రాముల్లో ఒకటి జాబితాలోంచి జారిపోయి పాత కొలతలతోనే మిగిలింది. అది ప్రీమియం గడిని రెండు బైట్లు పక్కగా చదివింది. మామూలుగా అయితే మొదటి రాత్రే ఎస్0సి7తో ఆగేది, మర్నాడు దిద్దేవాళ్ళం. కానీ ఎవరో ఎప్పుడో అందులో ఆ ఒక్క వరుస రాసి ఉంచారు: న్యూమరిక్ కాకపోతే సున్నా. మూడు రాత్రులు రిటర్న్ కోడ్ 0తో చక్కగా నడిచింది. మూడు రాత్రుల సున్నాలు తరువాతి ఫైళ్ళలోకి, అక్కడి నుంచి మరో నాలుగు చోట్లకు వెళ్ళాయి. వాటిని వెనక్కి తీయడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో సంవత్సరం గడులను పెంచాలా, రెండంకెలే ఉంచి 50కి లోపువి 2000లు, పైవి 1900లు అని ఊహించుకోవాలా అని ప్రతి సమావేశంలోనూ తగవు పడేవాళ్ళు. మమ్మల్ని దెబ్బతీసింది ఆ రెండూ కాదు, ఎన్నడో రాసిన ఆ సున్నా.

నేను చిట్టా పుస్తకం తెరిచాను. మూడంగుళాల మరలు, 352. బావ దిద్దుబాటు ప్రకారం 0. ఖాళీని తీసేస్తే 35. ఖాళీని అంకెగా చదివితే 350. మూడూ తప్పే. ఏ ప్రోగ్రాము ఎంత తెలివిగా ఊహించినా 2 అనే అంకె దానికి దొరకదు. అది నాన్న చేతిరాతలో మాత్రమే ఉంది.

చివరికి ముగ్గురం ఒక చోటికి వచ్చాం. చెడ్డ రికార్డు కోసం మొత్తం పని ఆపక్కరలేదు, ఇది బావది. దాన్ని సున్నా చేయకూడదు, ఇది గురువు గారిది. విడిగా ఒక ఫైలులోకి తీసి, చివర రిటర్న్ కోడ్ 8 ఇవ్వాలి. అప్పుడు కాండ్ వల్ల నివేదిక స్టెప్ నడవదు, మనిషి వచ్చి చూసేదాకా ఆ అంకెలు ఎవరి చేతికీ వెళ్ళవు. మెత్తబడి 4 ఇచ్చే అలవాటు నాకుండేది. 4 అంటే హెచ్చరిక అంటాం, హెచ్చరికను ఎవరూ చదవరు. 8 ఇవ్వాలి.

ఆ కోడు రాసే ముందు 352 దిద్ది ఒకసారి నడిపాను. 240 వరుసలు, కండిషన్ కోడ్ 0000. మొత్తం 48,990.

774 ఎక్కువ.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఉదయం పేలాల పిండి తిని కూర్చున్నాను, లేచేసరికి చీకటి పడింది.

వారంలో రాత్రిళ్ళు తనిఖీ పేరాగ్రాఫు రాసి పెట్టుకున్నాను. ఈ రోజు నడిపితే రెండు రికార్డులు విడి ఫైలులోకి వచ్చి పడ్డాయి. ఒకటి 001ఓ5. సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం. ఇంకొకటి 00ఐ20. ఒకటి బదులు ఐ అక్షరం. వెలిసిన కాగితం మీద సాఫ్ట్‌వేర్ చదివిన తప్పులు. ముందు రన్‌లో ఇవి ఆగలేదు. కారణం నేను పోయిన వారం ఈ డైరీలోనే రాశాను: మధ్య బైట్లలో ఎడమ సగాన్ని యంత్రం పారేస్తుంది. ఎబ్సిడిక్‌లో ఓ అంటే డి6, డి పోతే 6 మిగులుతుంది. 105 కాస్తా 165 అయింది. ఐ అంటే సి9, సి పోతే 9. 120 కాస్తా 920 అయింది. కార్డులు గుద్దే రోజుల్లో సున్నాకు ఓ కొట్టడం ఎంత సాధారణమో గురువు గారు ఎన్నోసార్లు చెప్పారు. దాని ఫలితం ఎప్పుడూ అబెండే అని నేను నమ్ముతూ వచ్చాను. అబెండ్ కాదు, నమ్మదగిన తప్పు సంఖ్య. ఎస్0సి7 మీద ఇన్నేళ్ళు విసుక్కున్నందుకు ఈ రోజు బాధ కలిగింది. అది ఆగి చెబుతుంది. ఇవి చెప్పవు.

రెండూ చిట్టా చూసి దిద్దాను. విడి ఫైలు ఖాళీ. మొత్తం 48,130. ఇప్పుడు 86 తక్కువ.

తనిఖీని దాటిపోయిన తప్పు ఇంకొకటి ఉంది. 240 వరుసలూ చిట్టాతో పోల్చడం మొదలుపెట్టే ముందు గురువు గారికి ఫోన్ చేశాను. 86 అనగానే ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగారు: “నిల్వ గడికి పిక్చర్‌లో ఎస్ పెట్టావా?” పెట్టాను, ఎస్9(5). గడి ఆకారం చెప్పే వివరణే పిక్చర్. 9(5) అంటే అయిదు అంకెలు, ఎస్ అంటే ప్లస్, మైనస్ గుర్తు. “అయితే ఓ అక్షరం చివరి గడిలో పడింది. 86లోంచి 6 తీసెయ్యి. 80. సగం చెయ్యి. నలభై ఉన్న సరుకు ఏదో చూడు నాయనా.”

163వ వరుస. ఆరంగుళాల తలుపు గడియలు. 0004ఓ.

ఫోన్ పెట్టాక ఆయన లెక్కను కాగితం మీద వేసుకున్నాను. చివరి బైటు డి6. ఇక్కడ ఎడమ సగం పోదు, గుర్తవుతుంది. డి అంటే తీసివేత, 6 అంకెగా మిగులుతుంది. 40 కాస్తా మైనస్ 46 అయింది. 40 రావలసిన చోట 46 పోయింది, మొత్తం తేడా 86. ఎస్ ఉన్న గడిలో చివరి బైటుకు డి గుర్తు చెల్లుతుంది కాబట్టి న్యూమరిక్ పరీక్ష దాన్ని సరైన సంఖ్యేనని దాటించింది. కార్డు మీద ఓ అక్షరానికి గుద్దే రంధ్రాలు 11వ వరుసలో ఒకటి, 6లో ఒకటి. అంకె మీద 11వ రంధ్రం గుద్దితే అది ఋణ సంఖ్య అని ఆ కాలపు ఒప్పందం. ఓ అక్షరానికీ మైనస్ 6కూ కార్డు మీద ఒకే రంధ్రాలు. యంత్రం తప్పు చదవలేదు. నివేదికలో నా కంటికి ఎందుకు దొరకలేదో కూడా అర్థమైంది. ముద్రించే గడికి జడ్‌జడ్‌జడ్‌జడ్9 అని రాశాను, గుర్తుకు చోటు ఇవ్వలేదు. కాగితం మీద 46 అని పడింది, మొత్తంలో మాత్రం మైనస్ 46గా కలిసింది.

నిల్వ ఎన్నడూ ఋణ సంఖ్య కాదు. చదివే గడికి ఎస్ పెట్టడం 1998 నాటి నా పొరపాటు, ఆ కాగితం మీద అలాగే ఉంది. చదివే గడిని 9(5)గా మార్చాను. ఇప్పుడు చివరి బైటులో ఎఫ్ తప్ప మరో గుర్తు వస్తే న్యూమరిక్ పరీక్షే పట్టుకుంటుంది. దిద్దకుండా 163వ వరుసను అలాగే ఉంచి నడిపి చూశాను. విడి ఫైలులోకి వచ్చింది, రిటర్న్ కోడ్ 8, నివేదిక స్టెప్ నడవలేదు. అప్పుడు దిద్దాను.

రాత్రి 8:40కి రన్. 240 వరుసలు. మొత్తం 48,216.

బావకు నివేదిక ఫోటో పంపాను. తన బృందంలో ఆ ఒక్క వరుస దిద్దుబాటు ఉన్న ప్రోగ్రాములు ఎన్నో సోమవారం వెతికిస్తానన్నాడు. గురువు గారికి చిట్టా పేజీ ఫోటో కూడా పంపాను. నీలం సిరాతో నాన్న రాసిన వరుస: త. గడియలు 6 అం., 40. సున్నాను ఆయన కింద కొంచెం తెరిచి రాసేవారు, ఓ అక్షరంలా ఎప్పుడూ ఉండేది కాదు.

ఇక ధరల పట్టీ మిగిలింది. అందులో పైసలున్నాయి, చివరి రెండు అంకెలు చాలా చోట్ల వెలిసిపోయాయి. ఈసారి సాఫ్ట్‌వేర్‌తో చదివించను. అమ్మాయి చిట్టా చూసి చదువుతుంది, నేను టైపు చేస్తాను.